అర బ్లేడు

ఒక తలకు అర బ్లేడు.
విరిచేటప్పుడు టిక్కుమంటుంది చూడండి,
ఆ చప్పుడు ఒక్కటే ఇప్పుడు నా వేళ్ళకు తెలిసేది.
తక్కిన సంగతులన్నీ చెవి చెబుతుంది.

కొండ మీద కల్యాణకట్టలో పద్నాలుగేళ్ళ పని.
కుడిచేతి బొటనవేలు, దాని పక్కవి రెండు
పోయిన ఎండాకాలం నుంచి నావి కావు.
రాత్రి రెండింటికి చీమలు లేస్తాయి,
చేతిని మంచం కిందికి వేలాడేసి
తడిగుడ్డ మాదిరి విదిలిస్తాను.
చెంగల్రాయుడు నిద్రలోనే అంటాడు:
"మే, మళ్ళీనా?"

పెద్దాసుపత్రిలో డాక్టరు
మణికట్టు మీద వేలితో కొట్టి చూసి
"నరం నలిగిపోతా ఉందమ్మా,
కోసి వదులు చేస్తే సరి. పది నిమిషాల పని" అన్నాడు.
పది నిమిషాలు!
నేను రెండు గుండ్లు గీసే టైము.
తేదీ మాత్రం ఆరు నెలలకిచ్చినారు.

ఆరు నెలలైనాక పోతే మత్తు డాక్టరు లేడు.
ఇంకోసారి థియేటరు పైకప్పులో ఏదో లీకేజీ.
ఇంకోసారి తెల్లారినప్పటి నుంచి పస్తుండి, పచ్చ గౌను తొడిగి,
స్ట్రెచరు కూడా ఎక్కినాక
రేణిగుంట రోడ్డులో లారీ గుద్దిన పిల్లోడిని తెచ్చినారు.
దిగినాను.
దిగమని ఎవరూ చెప్పలేదు, నేనే దిగినాను.
రక్తం కారేవాడి ముందు
తిమ్మిరెక్కిన వేళ్ళు చూపించి నిలబడేదెట్లా?
వాడి నిక్కరు జేబులో
గోలీలు చప్పుడు చేస్తా ఉండినాయి.

పక్కింటి నాగభూషణి అంటుంది:
"అంత ధర్మంగా ఉంటే నీ వంతు రాదు మే."
ఆమె మాట పట్టుకొని ఒక సాయంత్రం
బైపాస్‌లో కొత్తగా లేచిన అద్దాల ఆసుపత్రికి పోయినాను.
తలుపు తనంతట తానే తెరుచుకుంది.
మా ఇంట్లో కూడా నాకట్లా ఎవరూ తీయలేదు.
కౌంటరు పిల్ల "మేడమ్" అంది,
కార్డు చూసి, కంప్యూటరు చూసి,
"చేతి నరం దీంట్లో రాదు మేడమ్" అంది,
నిజంగానే బాధపడినట్టు.
లోపల కూర్చున్నది అదే డాక్టరు.
అదే పెన్ను, మూత మీద పంటి గాట్లు.
నన్ను గుర్తుపట్టినాడు. పెన్ను కింద పెట్టినాడు.
"గురువారం చేసేద్దాం" అన్నాడు, కాగితాన్ని చూస్తా.
నలభై ఎనిమిది వేలు.

వారంలో గురువారం అని ఒకటుందని
అక్కడ ఇన్ని నెలలూ నాకెవరూ చెప్పలేదు.

పెద్దాసుపత్రిని తిట్టలేను.
నా కొడుకు పుట్టింది దాని వరండాలోనే,
మంచం ఖాళీ లేక, ఎవరో ఆయమ్మ దుప్పటి అడ్డం పట్టి.
చెంగల్రాయుడిని పాము కరిచిన రాత్రి
పైసా అడక్కుండా పదకొండు సూదులు వేసినారు.
ప్రాణం పోతా ఉంటే పరిగెత్తుతుంది,
చెయ్యి మాత్రమే పోయేదానికి
బెంచీ చూపిస్తుంది.

నా ముందు కూర్చునేవాళ్ళలో మొక్కులోళ్ళు ఎక్కువ.
"మా నాయనకు గుండె ఆపరేషనయ్యింది తల్లీ."
"పాపకు గ్రహణం మొర్రి కుట్టించినాం."
కత్తి కింద నుంచి బతికొచ్చి
కత్తి కిందే తల వంచుతారు.
నీళ్ళు చల్లేటప్పుడు అడుగుతాను,
ఎన్నాళ్ళు కాచుకున్నారని.
ఎవరికీ మతికుండదు. ఐపోయింది కదా, అంటారు.
ఒక్క వెంకటగిరి ఆయన మాత్రం
"రెండేళ్ళ నాలుగు నెలలు" అని టక్కున చెప్పినాడు.
"నాకు కాదు, మా ఇంట్లోదానికి. తేదీ వచ్చింది, ఆమె లేదు.
మొక్కు మొక్కే కదమ్మా, గీయి."

నిన్న ఒక చంటిబిడ్డ. పుట్టువెంట్రుకలు.
మాడు మీద మెత్తటి చోటు ఇంకా పూడలేదు,
లోపల నాడి ఎగురుతా ఉంది, నాకది కంటికే తెలుస్తుంది.
వంగి, చెవి ఆ తలకు ఆనించినాను.
వెంట్రుక తెగితే ఒక చప్పుడు,
చర్మం దగ్గరైతే ఇంకొకటి, దానికంటే సన్నంగా.
ముద్దాడతా ఉందనుకొని వాళ్ళమ్మ నవ్వింది.
ఒక్క చుక్క రాలేదు.
ఆమె పోయినాక చాలాసేపు
ఇంకో బ్లేడు విరవలేకపోయినాను.

మళ్ళీ తేదీ ఇచ్చినారు.
చీటీ బ్లేడ్ల పెట్టెలో మడిచి పెట్టినాను.
ఇరవై మూడు, శుక్రవారం.
ఆ పొద్దు రేణిగుంట రోడ్డులో
లారీలు నిదానంగా పోతే చాలు.